ట్రాక్టరు లోడు మీద ఆగిపోతోందా? నేరం ఫీడ్ పంపుదేనా, ముందు తేల్చుకోండి!

సార్వా దమ్ములు మొదలయ్యాయంటే ట్రాక్టరుకు రాత్రీ పగలూ తెలియదు. కాలువ నీళ్లు వంతు ప్రకారం వస్తాయి. నారుమడిలో నారు ముదురుతూ ఉంటుంది. నాట్లకు కూలీలను మాట్లాడుకుని ఉంటాం. సరిగ్గా అప్పుడే బండి మడి మధ్యలో తడబడుతుంది. రేసు ఇచ్చినా అందుకోదు. గట్టు చేరేలోపే ఆగిపోతుంది. కాసేపు ఆగి సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్టవుతుంది, నాలుగు సాళ్లు తిరిగి మళ్లీ అదే తంతు.

డెల్టాలో ఒక రైతుకు ఇలాగే జరిగింది. అన్నదమ్ములిద్దరికీ కలిపి అయిదెకరాల చేను. ఇద్దరూ డబ్బు వేసుకుని సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు కొన్నారు. సొంత పని అయ్యాక కిరాయికి తిప్పి వాయిదాలు కట్టుకునేవారు. దమ్ములో బండి ఆగితే పక్క చేను ఆయన చూసి "డీజిల్ పంపు పోయింది" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంజెక్షన్ పంపు మొత్తం ఊడదీయించి, పట్నం తీసుకెళ్లి బాగు చేయించారు. మూడు రోజులు పోయాయి. డబ్బూ పోయింది. పంపు తెచ్చి బిగిస్తే బండి రెండు మళ్లు దున్ని మళ్లీ ఆగింది. చివరికి ఒక ముసలి మెకానిక్కు వచ్చి, పానా కూడా బయటికి తీయకుండా డీజిల్ ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. "పంపు పోలేదు బాబాయ్, మూతకు ఊపిరాడటం లేదు" అన్నాడు. మూతకుండే సన్న రంధ్రంలో బురద గట్టిపడింది, అంతే! పిన్నీసుతో పొడిస్తే పోయే జబ్బుకు మూడు రోజుల నీటి వంతు పోయింది.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. ఫీడ్ పంపు నిజంగానే పోయినా పట్టించుకోకుండా నడిపి, ఇంజను బేరింగులు కాల్చుకున్నవారూ ఉన్నారు. కాబట్టి పంపు పోయిందా లేదా అన్నది ఊహతో చెప్పేది కాదు, పరీక్షించి తేల్చాల్సిన విషయం. ఆ పరీక్షలు రైతు స్వయంగా చేసుకోవచ్చు. ఒక డబ్బా, రెండు గజాల రబ్బరు గొట్టం, నాలుగు పానాలు ఉంటే చాలు.

డీజిల్ ఏ దారిన వెళుతుంది?

జబ్బు తెలియాలంటే ముందు దారి తెలియాలి. ట్యాంకు నుంచి డీజిల్ కుళాయి గుండా కిందికి దిగుతుంది. కొన్ని బండ్లలో అక్కడే చెత్త, నీరు నిలిచే గాజు గిన్నె ఉంటుంది. అక్కడి నుంచి ఫీడ్ పంపు దాన్ని పీల్చుకుని ఫిల్టర్లకు నెడుతుంది. ఫిల్టర్లలో వడకట్టిన డీజిల్ ఇంజెక్షన్ పంపుకు చేరుతుంది. మన మెకానిక్కులు డీజిల్ పంపు అనేది దీన్నే. అది డీజిల్‌ను విపరీతమైన ఒత్తిడితో సన్నటి ఇనుప పైపుల ద్వారా నాజిళ్లకు పంపుతుంది. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపు ద్వారా వెనక్కి పోతుంది.

ఫీడ్ పంపు, ఇంజెక్షన్ పంపు ఒకటి కావని గుర్తుంచుకోవాలి. ఫీడ్ పంపు నీళ్లు మోసే మనిషి లాంటిది. ఇంజెక్షన్ పంపు ఆ నీళ్లను కొలిచి, వేళకు పోసే మనిషి. మోసేవాడు తేకపోతే పోసేవాడు ఏం చేస్తాడు? బాగు చేయడానికి ఫీడ్ పంపు చవక, సులువు. ఇంజెక్షన్ పంపు ఖరీదు, కష్టం. అందుకే నేరం ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

ఫీడ్ పంపుల్లో రెండు రకాలు

మొదటిది డయాఫ్రమ్ రకం. ఇది ఇంజను బ్లాకుకు పక్కన రెండు లేదా నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. లోపల రబ్బరు పూత ఉన్న గుడ్డ పొర ఉంటుంది. ఇంజనులోని క్యామ్ షాఫ్టు ఒక మీటను కదిలిస్తే ఈ పొర పైకీ కిందికీ ఆడి డీజిల్‌ను లాగి నెడుతుంది. చేత్తో కొట్టడానికి పక్కన చిన్న మీట ఉంటుంది.

రెండవది ప్లంజరు రకం. ఇది ఇంజెక్షన్ పంపు పక్కనే దానికి అంటిపెట్టుకుని ఉంటుంది. లోపల చిన్న పిస్టను, స్ప్రింగు, రెండు వాల్వులు ఉంటాయి. పైన చేత్తో తిప్పి వదులు చేసి కొట్టే గుండీ ఉంటుంది. దాన్నే హ్యాండ్ ప్రైమర్ అంటారు. మీ బండికి ఏ రకం ఉందో ఇవాళే చూసి పెట్టుకోండి.

పంపు నీరసపడితే కనిపించే లక్షణాలు

• ఖాళీగా ఉన్నప్పుడు ఇంజను బాగానే ఆడుతుంది. రొటావేటరు దించినా, దమ్ము చక్రాలు బురదలో దిగినా, ట్రక్కు ఎత్తు ఎక్కినా బలం తగ్గుతుంది.

• కొద్ది నిమిషాలు నడిచి ఆగుతుంది. ఆగి ఉన్నప్పుడు డీజిల్ మెల్లగా చేరుకోవడం వల్ల మళ్లీ స్టార్టవుతుంది.

• ఉదయం పూట ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. రాత్రి పంపులోని వాల్వులు సరిగా మూసుకోక డీజిల్ వెనక్కి దిగిపోయి ఉంటుంది.

• పంపు ఒంటి మీద, దాని కింద తడి, మట్టి పేరుకుని కనబడుతుంది.

• చేతి మీట కొట్టినప్పుడు బరువు తెలియదు, వదులుగా ఆడుతుంది.

పొగను కూడా గమనించండి. సెల్ఫ్ కొడుతున్నా సైలెన్సరు నుంచి పొగ అసలే రాకపోతే నాజిళ్లకు డీజిల్ అందడం లేదని అర్థం. పొగ వస్తూ స్టార్టు కాకపోతే లోపం వేరే చోట వెతకాలి. లోడు మీద దట్టంగా నల్లపొగ వస్తుంటే అది డీజిల్ కరువు కాదు. గాలి ఫిల్టరు మూసుకుపోవడం, నాజిళ్లు పాడవడం వంటివి చూసుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదం: ఇంజన్ ఆయిల్‌లో డీజిల్

ఈ ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ బయటికే కారాలని లేదు, మీట దారిన ఇంజను లోపలికి దిగవచ్చు. ప్లంజరు రకంలో కదురు అరిగితే డీజిల్ ఇంజెక్షన్ పంపు అడుగు భాగంలోకి, కొన్ని బండ్లలో అక్కడి నుంచి ఇంజను ఆయిల్‌లోకి చేరుతుంది. ఆయిల్ పలచబడితే బేరింగుల మధ్య పొర నిలవదు. క్రాంక్ షాఫ్టు, బేరింగులు ఒరుసుకుని కాలిపోతాయి. అప్పుడు ఖర్చు పంపుతో ఆగదు, ఇంజను మొత్తం దించాల్సి వస్తుంది.

కనిపెట్టడం సులువే. ఉదయం బండి చదునైన చోట ఉండగా, స్టార్టు చేయకముందు ఆయిల్ గేజి కడ్డీ తీయండి. ఇంజన్ ఆయిల్ వాడకంలో తగ్గుతుందే గాని పెరగదు. పై గీత దాటి ఉంటే అనుమానించాలి. వాసన చూడండి, డీజిల్ వాసన కొడుతుంది. వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారుతుంది. ఆయిల్ తెల్లగా మజ్జిగలా ఉంటే మాత్రం అది డీజిల్ కాదు, నీళ్లు కలిసినట్టు. దానికి హెడ్ గాస్కెట్టు వగైరా చూపించుకోవాలి.

డీజిల్ కలిసిందని తేలితే "ఈ మడి ఒక్కటి పూర్తిచేసి చూద్దాం" అనుకోవద్దు. బండి అక్కడే ఆపేయండి. పంపు మార్చాక పాత ఆయిల్ మొత్తం దించి, ఆయిల్ ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోసిన తరువాతే స్టార్టు చేయాలి. పంపు మార్చి ఆయిల్ మార్చకపోతే సగం వైద్యమే. కొత్త పంపు బిగించాక కూడా మట్టం పెరుగుతుంటే నాజిళ్లు, ఇంజెక్షన్ పంపు చూపించాలి. వాటి నుంచి కూడా డీజిల్ దిగే అవకాశం ఉంది.

పంపు మీద నెపం వేసే ముందు అయిదు చోట్ల చూడండి

ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి తరువాత. ఈ వరుస తప్పవద్దు.

ఒకటి: ట్యాంకు. డీజిల్ ఉందా, కుళాయి పూర్తిగా తెరిచి ఉందా చూడండి. గేజి ముల్లును నమ్మకండి, మూత తీసి పుల్ల ముంచి చూడండి.

రెండు: మూత రంధ్రం. బండి తడబడుతున్నప్పుడే మూత వదులు చేయండి. గాలి పీల్చుకున్న శబ్దం వచ్చి ఇంజను తేరుకుంటే జబ్బు దొరికినట్టే. రంధ్రం శుభ్రం చేసుకుని పని సాగించండి. మూతకు పాలిథిన్ కాగితం చుట్టే అలవాటు ఉంటే మానుకోండి.

మూడు: గాజు గిన్నె, జల్లెడ. గిన్నె అడుగున నీరు, మడ్డి ఉంటే విప్పి కడగాలి. కుళాయి వద్ద, పంపులోకి వెళ్లే బోల్టు లోపల సన్న జల్లెడ ఉంటే అదీ చూడాలి.

నాలుగు: పైపులు, వాషర్లు. ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్న దారిలో లోపం ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు. పంపు పీల్చే వైపు కావడంతో గాలిని లోపలికి లాక్కుంటుంది. పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టం, నొక్కుకుపోయిన పైపు, పాతబడిన రాగి వాషరు ఇందుకు కారణం. ఒక్కొక్కప్పుడు గొట్టం పైకి బాగానే ఉండి లోపలి పొర ఊడి దారి మూసేస్తుంది. పంపు గట్టిగా పీల్చిన కొద్దీ అది మూసుకుంటుంది. వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయడం మంచిది.

అయిదు: ఫిల్టర్లు. ఎన్నాళ్లయింది మార్చి? మీ బండి పుస్తకంలో చెప్పిన గంటలు దాటితే మార్చేయండి. పాత ఫిల్టరును డీజిల్‌లో జాడించి మళ్లీ వేస్తే పైన ఉన్న చెత్త లోపలికి పోతుంది. ఆ చెత్త ఇంజెక్షన్ పంపును తినేస్తుంది.

తేల్చి చెప్పే డబ్బా పరీక్ష

పై అయిదూ చూసినా తేడా లేకపోతే ఈ పరీక్ష చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మొదట పంపు పోత చూడాలి. పంపు నుంచి ఫిల్టరుకు పోయే పైపును ఫిల్టరు వద్ద విప్పి, దాని మూతిని ఒక సీసాలో పెట్టండి. ఇంజను ఆపే మీట లాగి పట్టుకుని సెల్ఫ్ తిప్పమనండి. డీజిల్ వరుసగా, బలంగా, ఉమ్మినట్టు పడాలి. సన్నగా కారినా, బుడగలు వచ్చినా లోపం పంపులో గాని, దాని వెనుక గాని ఉంది. పోత బాగుంటే ఫీడ్ పంపు మంచిదే. లోపం ఫిల్టర్లలోనో ఆ తరువాతో ఉంది.

పోత సరిగా లేకపోతే పంపుదా, పీల్చే దారిదా అని విడదీయాలి. ట్యాంకు నుంచి వచ్చే పైపును పంపు వద్ద విప్పేయండి. శుభ్రమైన డబ్బాలో వడకట్టిన డీజిల్ పోసి, కొత్త రబ్బరు గొట్టంతో పంపు నోటికి కలపండి. గొట్టం కొస డీజిల్‌లో మునిగి ఉండాలి. ఇప్పుడు మళ్లీ తిప్పండి.

• పోత బాగుపడితే పంపు నిర్దోషి. ట్యాంకు, కుళాయి, జల్లెడ, పైపుల్లోనే లోపం.

• అప్పుడూ సన్నగానే పడితే పంపే నేరస్తుడు.

ఇంకొక్కటి చూసి నిర్ధారించుకోవచ్చు. అదే డబ్బాను ఫిల్టరు కన్నా ఎత్తున వేలాడదీసి, గొట్టాన్ని నేరుగా ఫిల్టరు నోటికి కలిపి, గాలి తీసి స్టార్టు చేయండి. పంపు లేకుండానే డీజిల్ కిందికి దిగుతుంది. ఇలా తక్కువ లోడు మీద ఇంజను ఆగకుండా నిలకడగా ఆడితే ఇంజెక్షన్ పంపును ఊడదీయాల్సిన పని లేదని తెలుస్తుంది. డబ్బాను వేడి సైలెన్సరుకు దూరంగా కట్టాలి. ఇది పరీక్షకే గాని, ఇలాగే పొలం దున్నడానికి కాదు.

ఫీడ్ పంపు పోత బాగుండి, ఫిల్టర్లు కొత్తవైనా లోడు లాగకపోతే రిటర్న్ పైపు మొదట్లో ఉండే ఓవర్‌ఫ్లో వాల్వు చూపించండి. అందులో స్ప్రింగు విరిగితే వచ్చిన డీజిల్ వచ్చినట్టే వెనక్కి పోతుంది, ఒత్తిడి నిలవదు. ఇది కూడా పంపు పోయినట్టే కనబడే మోసకారి జబ్బు.

మార్చే ముందు ఒకసారి కడిగి చూడండి

ప్లంజరు రకంలో చాలాసార్లు వాల్వు కింద నలుసు పడటమే అసలు కారణం. పంపు మీది పెద్ద నట్లు విప్పి వాల్వులు, స్ప్రింగులు బయటికి తీయండి. ఏది ఎక్కడిదో, ఎటు తిరిగి ఉందో చూసుకుంటూ పళ్లెంలో వరుసగా పెట్టండి. శుభ్రమైన డీజిల్‌తో కడిగి తిరిగి అమర్చండి. వాల్వు ముఖం గాడి పడి ఉంటే, స్ప్రింగు విరిగితే ఆ భాగాలే కొత్తవి వేయవచ్చు. హ్యాండ్ ప్రైమర్ దగ్గర కారుతుంటే దాన్నే మార్చవచ్చు.

డయాఫ్రమ్ రకానికి కొన్ని బండ్లలో రిపేరు కిట్టు దొరుకుతుంది. అందులో పొర, వాల్వులు, ప్యాకింగులు ఉంటాయి. పంపు ఒళ్లు పగలకుండా, మీట అరగకుండా ఉంటే కిట్టు సరిపోతుంది. మీట, దాని పిన్ను అరిగితే కొత్త పంపే నయం.

దుకాణానికి వెళ్లేటప్పుడు పాత పంపును వెంట తీసుకెళ్లండి. బోల్టుల మధ్య దూరం, మీట పొడవు, వంపు, పైపుల మూతులు పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. మీట కాస్త తేడా ఉన్నా పంపు పనిచేయదు, లేదా మీట విరుగుతుంది. బిల్లు అడిగి తీసుకోండి.

కొత్త పంపు బిగించే పద్ధతి

1. ఇంజను చల్లారనివ్వండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. బీడీ, సిగరెట్టు, దీపం దగ్గర ఉండకూడదు. 

2. పంపు చుట్టూ మట్టి, జిడ్డు బ్రష్షు పెట్టి డీజిల్‌తో కడిగి తుడవండి. విప్పాక లోపలికి పోయే ఇసుక రేణువే రేపటి జబ్బు.

3. ట్యాంకు కుళాయి కట్టేయండి. కింద పళ్లెం పెట్టండి. పైపుల నట్లు విప్పేటప్పుడు ఒక పానాతో పంపు మూతిని పట్టుకుని, రెండో పానాతో నట్టు తిప్పాలి. ఒకే పానాతో లాగితే పైపు మెలి తిరుగుతుంది. విప్పిన పైపు మూతులకు శుభ్రమైన పాలిథిన్ చుట్టండి.

4. బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా వదులు చేసి పంపును బయటికి తీయండి. మధ్యలో దళసరి ముక్క ఉంటే దాన్ని పారేయకండి, అది కొలత కోసం పెట్టినది.

5. ఇంజను రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, పాత ప్యాకింగును మెల్లగా గీకి తీయండి. తరువాత గుడ్డ తీయడం మరువకండి! నూలు పీచు మాత్రం వాడవద్దు, దాని పోగులు లోపలికి పోతాయి.

6. కొత్త ప్యాకింగు పెట్టి, మీటకు కాస్త ఇంజన్ ఆయిల్ రాసి పంపును అమర్చండి. మీట క్యామ్‌కు ఏ వైపు ఆనాలో పాతది తీసేటప్పుడే చూసుకోవాలి. పంపు చేత్తో నొక్కితే ఇంజనుకు దాదాపు ఆనాలి. ఎదురు తన్నుతుంటే క్యామ్ ఎత్తు మీద ఉన్నట్టు. బోల్టులతో బలవంతంగా లాగకండి. ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్లీ పెట్టండి.

7. బోల్టులు సమంగా, మార్చి మార్చి బిగించండి. పైపు నట్లను మొదట నాలుగైదు చుట్లు వేళ్లతో తిప్పి, తరువాతే పానా వేయండి. పక్క మర ఎక్కితే కొత్త పంపు పాడైనట్టే. వాషర్లు కొత్తవి వేయండి.

ప్లంజరు రకం కూడా ఇంతే. అది ఇంజెక్షన్ పంపుకు సాధారణంగా మూడు నట్లతో బిగించి ఉంటుంది. ప్యాకింగు మందం పాతదానికి సమానంగా ఉండాలి.

గాలి తీయడం

పైపులు విప్పాక లోపల గాలి చేరుతుంది. గాలి ఉన్నంతసేపు ఇంజను అందుకోదు. ముందుగా ట్యాంకు కనీసం సగం నింపి, కుళాయి తెరవండి.

మొదటి ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. చేతి మీట కొట్టండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగ లేని డీజిల్ వచ్చాక, మీట కొడుతూనే స్క్రూ బిగించండి. తరువాత రెండో ఫిల్టరు. ఆ తరువాత ఇంజెక్షన్ పంపు మీద, మీ బండి పుస్తకంలో చూపిన స్క్రూ మాత్రమే. ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకు, ఇదీ వరుస.

చేతి మీట వదులుగా ఆడుతూ డీజిల్ లాగకపోతే కొత్త పంపు చెడ్డదని దుకాణానికి పరుగెత్తకండి. క్యామ్ మీటను ఎత్తి పట్టి ఉంటుంది. ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి.

ఇప్పుడు బ్యాటరీ తీగ బిగించి సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది పదిహేను సెకన్లకు మించవద్దు. మధ్యలో అర నిమిషమైనా ఆపండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది. అప్పటికీ అందుకోకపోతే పాత రకం ఇంజన్లలో నాజిళ్ల వద్ద పైపు నట్లు అర చుట్టు వదులు చేసి తిప్పితే మిగిలిన గాలి పోతుంది. డీజిల్ కనబడగానే బిగించాలి. ప్లంజరు రకంలో పని అయ్యాక హ్యాండ్ ప్రైమర్ గుండీని కిందికి నొక్కి, మర గట్టిగా బిగించడం మరువకూడదు. వదిలేస్తే అక్కడి నుంచే కారుతుంది.

స్టార్టయ్యాక పావుగంట ఆడించి, ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. మర్నాడు ఉదయం ఆయిల్ గేజి చూడండి. మట్టం పెరగకపోతే పని బాగా జరిగినట్టు.

ఈ పనులు మాత్రం చేయవద్దు

• నాజిలు పైపు కారుతోందా అని ఇంజను ఆడుతుండగా చేతితో తడమవద్దు. అక్కడ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోలు, అంతకు మించి కూడా ఉంటుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపించినా వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి.

• కామన్ రైల్ రకం ఇంజన్లలో నాజిళ్ల నట్లు వదులు చేయరాదు. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ పైబడిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి. దాంతో ఆ తరగతిలో ఇటువంటి ఇంజన్లు వచ్చాయి. వాటిలో ఒత్తిడి మరెన్నో రెట్లు ఎక్కువ. ఆ బండ్లకు ట్యాంకు, గాజు గిన్నె, ఫిల్టరు వరకే మన పని. మిగతాది శిక్షణ పొందిన మెకానిక్కుకు వదిలేయాలి.

• ఇంజెక్షన్ పంపు సీలు తీయవద్దు. లోపలి ప్లంజరుకు, దాని గూటికి మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లే, అంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు లాంటిది. దాన్ని పరీక్ష బెంచి ఉన్న చోటే విప్పాలి.

• డీజిల్‌ను నోటితో పీల్చవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

• డీజిల్‌లో కిరోసిన్ కలపవద్దు. ఈ పంపుల్లో చాలా భాగాలకు డీజిలే కందెన. కిరోసిన్‌కు ఆ జారుడు గుణం తక్కువ, పంపులు త్వరగా అరుగుతాయి.

ఆయిల్ ఇంజను ఉన్న రైతులకు

నీళ్లు తోడే ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజన్లలో చాలావాటికి ఫీడ్ పంపు ఉండదు. ట్యాంకు ఎత్తున ఉండి డీజిల్ దానంతటదే దిగుతుంది. అంటే అక్కడ ఆగిపోతే చూడాల్సినవి నాలుగే: మూత రంధ్రం, కుళాయి, ఫిల్టరు, గాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపకుండా ఉంటే సగం తిప్పలు తప్పుతాయి.

ముందు జాగ్రత్తే చవక

క్యానులో తెచ్చిన డీజిల్‌ను వెంటనే పోయకండి. ఒక రోజంతా కదపకుండా ఉంచితే నీరు, మడ్డి అడుగుకు చేరతాయి. పై డీజిల్‌ను జల్లెడ ఉన్న గరాటుతో పోసి, అడుగున రెండు మూడు అంగుళాలు వదిలేయండి. జింకు పూత డబ్బాల్లో డీజిల్ నిల్వ చేయవద్దు. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెడితే రాత్రి చల్లదనానికి లోపల చెమ్మ పట్టదు. వారానికోసారి గాజు గిన్నె చూడండి. దమ్ములకు పది రోజుల ముందే ఫిల్టర్లు మార్చుకోండి. ఒక ఫిల్టరు, నాలుగు రాగి వాషర్లు, గజం గొట్టం పనిముట్ల పెట్టెలో ఉంచుకోండి. గేజి కడ్డీ చూడటం రోజూ ఉదయం పళ్లు తోముకున్నట్టు అలవాటు కావాలి.

కిరాయి బండి మీద ఆధారపడే రైతులూ ఈ సంగతులు తెలుసుకుని ఉండటం మంచిది. మన మడిలో ఆగిన బండి ఎవరిదైనా, పోయేది మన నీటి వంతే. డ్రైవరు పంపు విప్పడానికి పానా తీసేలోగా "ముందు మూత తీసి చూడు తమ్ముడూ" అని చెప్పగలిగితే ఆ పూట దమ్ము ఆ పూటే పూర్తవుతుంది.